ఒక్కరోజు కూడా ఇవ్వనన్నవాళ్ళు

పెద్ద డాక్టరుగారికి ఒక అలవాటుంది. ఎవరి ప్రమోషన్ ఫైలైనా సరే, వేలు తడి చేసుకుని వెనక పేజీనుంచి ముందుకి తిప్పుతారు. ముందునుంచి చూస్తే ప్రతివాడూ మేధావిలాగే కనిపిస్తాడనీ, వెనకనుంచి వస్తేనే సరుకెంతో తెలుస్తుందనీ ఆయన నమ్మకం. సోమవారం పొద్దున్న లెక్కలమ్మ ఫైలుని కూడా అలాగే తిప్పుతున్నారు. ఆమె బల్లకి ఇవతల కూర్చుని, ఆయన ఒక పేజీ దగ్గర ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, తిప్పేశాక వదులుతోంది.

లెక్కలమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. ఆ ఆస్పత్రి కీళ్ళవాతం విభాగంలో అందరూ డాక్టర్లే, ఒక్క ఆమె తప్ప. వాళ్ళు మోకాళ్ళు వంచి చూస్తారు, వేళ్ళ కణుపులు నొక్కి చూస్తారు. ఈమె మాత్రం ఏ మందువల్ల మనిషికి ఎంత మేలు జరుగుతోంది, ఆ మేలుకి అంత ఖర్చు తగునా అని లెక్క కడుతుంది. కట్టి పేపర్లు రాస్తుంది. పేపర్లంటే పొద్దున్నే గుమ్మంలో పడేవనుకునేరు, అవి కావు. అలాంటి లెక్కలే కట్టుకునే మరికొందరు తప్ప ఇంకెవరూ తెరిచి చూడని పత్రికల్లో వచ్చేవి. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొచ్చింది. ఏటేటా పొడిగింపు కాగితం కోసం కాళ్ళరిగేలా తిరిగింది. ఇన్నాళ్ళకి పర్మనెంటు పోస్టు ఒకటి పడింది. శుక్రవారం ఇంటర్వ్యూ. వస్తే సరేసరి, రాకపోతే నెలాఖరుకి గది తాళం అప్పజెప్పి పోవడమే. ఇక పొడిగింపులు లేవని ముందే చెప్పేశారు.

పెద్ద డాక్టరుగారు మొదటి పేజీకొచ్చి, అన్నిటికన్నా పైనున్న పేపరు మీద వేలితో టకటకా కొట్టారు. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు అన్నారు. సొరుగు లాగి, ఆరోగ్య శాఖ నుంచి వచ్చిన ఆర్డరు తీసి ఆమె ముందు పెట్టారు. కీళ్ళవాతానికి నెలకోసారి ఇచ్చే ఖరీదైన సూదిమందుని సర్కారు ఆస్పత్రుల్లో ఆపేశారట. పెట్టే ఖర్చుకి జరిగే మేలు చాలదని తేలిందట. తేల్చిందెవరయ్యా అంటే, అడుగున సన్నక్షరాల్లో ఈమె పేపరు.

"పేపర్లు రాసేవాళ్ళు కోకొల్లలు. రాసినదాన్ని పట్టుకుని సర్కారు ఆర్డరు వేసిందంటే మాటలా? శుక్రవారం ఈ కాగితం పైన పెట్టుకుని వెళ్ళు. ఇంకేం మాట్లాడక్కర్లేదు," అన్నారు ఆయన.

నిజం చెప్పొద్దూ, ఆ సన్నక్షరాలు చూడగానే ఆమెకి ముందు కలిగింది సంతోషమే. ఎక్కడో అలమర్లో దుమ్ము కొట్టుకుపోతుందనుకున్న పేపరు! ఆ తరవాత సూదిమందు పేరు ఇంకోసారి చదువుకుంది. ఆ పేపరు రాసేనాటికి వాళ్ళక్క ఇంకా మాత్రలతోనే కాలక్షేపం చేస్తోంది. మాత్రలు పనిచేయడం మానేశాక పోయినేడు సూది మొదలుపెట్టారు. ఆ సూదే ఈ సూది.

బయట వరండాలో బెంచీల నిండా జనం. హెడ్ సిస్టరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి స్టాకు రాలేదు, వచ్చాక కబురు చేస్తాం అని చెప్తోంది. ఉన్న సంగతి చెప్తే అందరూ తన మీద పడతారని ఆవిడ భయం. పాపం, ఆవిడని అనేం లాభం. లెక్కలమ్మ ఎదురుపడగానే ఆవిడ చూపు తిప్పుకుంది. ఆర్డరు ఆవిడా చదివిందన్నమాట, అడుగున ఉన్నదాంతో సహా.

చివరి బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. చేతులు రెండూ సంచీ కింద దాచుకుంది. చెల్లెల్ని చూడగానే చేటంత మొహం చేసుకుని, పక్కావిడతో, ఇదే మా చెల్లెలు, చెప్పానే, పుస్తకాలు రాస్తుందని అంది. పేపర్లే తల్లీ, పుస్తకాలు కావు అని ఎన్నిసార్లు మొత్తుకున్నా అక్క దృష్టిలో అవి పుస్తకాలే. పోయినవారం కూడా ఇలాగే స్టాకు లేదని తిప్పి పంపారట. మరి నాకు చెప్పలేదేం అంటే, ఇంటర్వ్యూ ముందు నీకీ గోల ఎందుకని ఊరుకున్నానంది. పక్కావిడ ఊరుకుంటుందా. ఇంట్లోనే ఇంత పెద్దమనిషిని పెట్టుకుని బెంచీల మీద పడిగాపులెందుకమ్మా, ఒక్కమాట చెప్తే ఆమే ఎక్కడో ఒకటి తీయించిపెట్టదూ అంది. లెక్కలమ్మ కనుక్కుంటానంది. లేవడానికి చెయ్యి ఆసరా ఇస్తే అక్క వేళ్ళు కణుపుల దగ్గర వేడిగా తగిలాయి. తగిలిన మరుక్షణం అక్క చెయ్యి లాగేసుకుంది.

ఆ సాయంత్రం దుకాణానికి వెళ్ళింది. అక్కా బావా కలిసి నడిపే ఇస్త్రీ దుకాణం అది. బావ ఇస్త్రీ పెట్టె, అక్క మిగతా అంతా. ఇస్త్రీ అయిన చొక్కాకి గుండీలు పెట్టాలి, కాలరు కింద అట్టముక్క దూర్చాలి, బోర్లించి చేతులు వెనక్కి మడిచి గుండుసూది గుచ్చాలి, కవర్లోకి తోయాలి. చూసేవాళ్ళకి పిల్లలాటలా ఉంటుంది. లెక్కలమ్మ తన ఉద్యోగంలో రోగుల్ని అడిగే ప్రశ్నల్లో, చొక్కా గుండీ మీ అంతట మీరు పెట్టుకోగలరా అన్నది ఒకటి. అడిగి, అవును, కాస్త కష్టం, కాదు, ఈ మూడింట్లో ఒకదానికి టిక్కు కొట్టుకుని ముందుకి పోయేది. ఇక్కడ అక్క ఊళ్ళోవాళ్ళందరి గుండీలూ పెడుతోంది.

అన్నిటికన్నా మెడ దగ్గరి గుండీ మొండిది. గంజికి కాజా బిగుసుకుపోయి ఉంటుంది. అక్క బొటనవేలి పక్కభాగంతో తోసి చూసింది, గుండీ జారిపోయింది. మళ్ళీ తోసింది. మూడోసారి మునిపళ్ళతో కాజా పట్టుకోబోయి, చెల్లెలు చూస్తోందని మానేసి, మాటా పలుకూ లేకుండా చొక్కాని బావవైపు జరిపింది. బావ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ఆ గుండీ పెట్టి, మళ్ళీ పెట్టె అందుకున్నాడు. సూది పడినన్నాళ్ళూ ఇద్దరం చకచకా లాగించేవాళ్ళం అన్నాడాయన. ఇప్పుడు రెండు పనులూ తనే చేయలేక, చెప్పిన వేళకి బట్టలివ్వలేక, పాత ఖాతాలవాళ్ళు ఒక్కొక్కరే వీధి చివరి దుకాణానికి మళ్ళుతున్నారట. నీకు లోపల అందరూ తెలుసుగా, గట్టిగా అడగరాదూ అన్నాడు. దాని తలనొప్పులు దానికున్నాయి, నువ్వూరుకో అని అక్క ఆయన నోరు మూయించింది.

ఆ సూది ఆపించింది నేనే అక్కా అని నోటిదాకా వచ్చింది. ఆ మాటకి బదులు ఒక చొక్కా ముందుకి లాక్కుని గుండీలు పెట్టడం మొదలెట్టింది. పెట్టి చూసుకుంటే ఒకటి తప్పిపోయి, కింద అంచు ఒకపక్క వేలాడుతోంది. ఇంత చదువు చదివి గుండీ తప్పావేంటే అని అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూస్తుంటే చెల్లెలికి ఏడుపొచ్చింది.

మంగళవారం తన గది తలుపు దగ్గరికేసుకుని, ఆ పేపరు కోసం అప్పట్లో రోగులు చెప్పిన జవాబులన్నీ బయటికి తీసింది. ఆ జవాబులు రాబట్టే ప్రశ్న ఒకటుంది. ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు, ఈ లెక్కలు కట్టేవాళ్ళు అన్నిచోట్లా అడిగేదే. ఇంకో పదేళ్ళు ఈ నొప్పితోనే బతుకుతావనుకో. నొప్పి లేకుండా బతకాలంటే ఆ పదేళ్ళలో కొన్ని తగ్గించుకోవాలి. ఎన్నేళ్ళు వదులుకుంటావు? ఎక్కువ వదులుకుంటానన్నవాడికి నొప్పి ఎక్కువున్నట్టు, తక్కువంటే తక్కువున్నట్టు. ఏమీ వదులుకోనంటే అసలు నొప్పే లేనట్టు. నొప్పి లేనివాడికి సూది ఏం మేలు చేస్తుంది? అలా నడుస్తుంది లెక్క.

దాదాపు సగంమంది ఏమీ వదులుకోమన్నారు. కాగితాల మీద వరసగా సున్నాలు. ఒక్కో సున్నా చూస్తుంటే మనుషులు గుర్తొస్తున్నారు. కలం పట్టుకోలేక వేలిముద్ర వేసినావిడ, చిన్నవాడింకా బడికి పోతున్నాడు, ఒక్కరోజు కూడా ఇవ్వనమ్మా అంది. కర్ర పట్టుకుని వచ్చిన లారీ డ్రైవరు, మా ఆవిడ మంచంలో ఉంది, నేను ముందు పోతే దాన్నెవరు తిప్పుతారు అన్నాడు. ఒకాయనకైతే కోపమే వచ్చింది. ఆయుష్షు అడుగుతావేంటమ్మా, నోరెలా వచ్చింది అని లేచిపోయాడు. ఆయనకీ సున్నాయే. ఎందుకివ్వవని అడగడానికి ఆ కాగితంలో గడి లేదు. నొప్పి లేక ఇవ్వనన్నవాళ్ళు కారు వాళ్ళు. బతకాల్సిన అవసరం ఉండి ఇవ్వనన్నవాళ్ళు. వాళ్ళందర్నీ నొప్పిలేనివాళ్ళ కింద జమకట్టి, అచ్చేయించి, దాన్ని తన ఫైలుకి తలకట్టుగా పెట్టుకుంది.

ఆ సున్నాలు పక్కనపెట్టి లెక్క మళ్ళీ కట్టింది. సూది దాని ఖర్చుకి తగినదేనని తేలింది. నమ్మలేక ఇంకోసారి కట్టింది. మళ్ళీ అదే.

బుధవారం పత్రికవాళ్ళకి ఉత్తరం రాసింది. మా పేపరు తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం అని. రాసేసి దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. భయమేసింది. ఆ పేపరు పోతే మొదటి పేజీ పోయినట్టే, మొదటి పేజీ పోతే ఉద్యోగం పోయినట్టే. ఈ వయసులో మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కాలి? చించేద్దామా అనుకుంది. పళ్ళతో కాజా పట్టుకోబోయిన అక్క మొహం కళ్ళ ముందాడింది. ఇక ఆలోచిస్తే లాభం లేదని లేచి, తిట్టినా పడాల్సిందేనని గుండె చిక్కబట్టుకుని పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళింది.

ఆయన ఉత్తరం చదివారు. అలవాటు కొద్దీ వెనక పేజీనుంచి ముందుకి చదివారు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. చెడామడా వాయిస్తారని ఆమె తల వంచుకుంది.

"పిచ్చిదానా, దీన్ని ఉత్తరం అంటారా?" అన్నారు. "ఇది పేపరమ్మా."

ఆయన మొహం వెలిగిపోతోంది. ఏమీ ఇవ్వనన్నవాళ్ళని ఇంత సూటిగా పట్టుకున్నవాళ్ళు చాలా తక్కువట. వెనక్కి తీసుకోవడమేంటి, మొదటిదాన్ని దానిపాటికి దాన్ని ఉండనిమ్మన్నారు. మన తప్పు పట్టేవాడు ఎలాగూ ఒకడొస్తాడు, ఆ పట్టేదేదో మనమే పడితే పోలేదా అన్నారు. కలం తీసి ఉత్తరంలో తప్పు అన్నచోటల్లా కొట్టేసి, మరో కోణం అని రాశారు. త్వరగా అచ్చవ్వాలి కాబట్టి ఈసారి తన పేరు ముందు పెడదామన్నారు. ఆమె ఫైలు అందుకుని, మొదటి పేజీలో ఉన్నవాటన్నిటికీ పైన ఇంకో వరస చేర్చారు. ఆ ఊపులోనే, ఇప్పుడు సూది ఆగింది కదా, ఆగాక వాళ్ళెలా ఉన్నారో కూడా ఆ ప్రశ్నే వేసి మళ్ళీ కనుక్కుంటే బావుంటుంది, ఇలాంటి అవకాశం కావాలన్నా దొరకదు అన్నారు. అన్నాక ఆ మాట ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, దగ్గి ఊరుకున్నారు.

మరి ఆర్డరు సంగతేంటని ఆమె అడిగింది. మూడేళ్ళకోసారి తిరగదోడతారు, అప్పుడు ఈ రెండో పేపరు చూపిద్దామన్నారు.

"మూడేళ్ళలో ఆ వేళ్ళు వంకర్లు పోతాయి సార్. పోయినవి మళ్ళీ తిన్నగా రావు. నాకన్నా మీకే బాగా తెలుసు."

ఆయన కిటికీవైపు తిరిగారు. రాక్షసుడేం కాదు, ఆ వరండాలో ఉన్నవాళ్ళంతా ఆయన చేతిమీదుగా సూది పడ్డవాళ్ళే. "తెలుసమ్మా," అన్నారు. "నువ్వు లోపలుంటే మూడేళ్ళకైనా గొంతెత్తి అడగ్గలవు. బయటుంటే నీ ఉత్తరం ఎవడు చదువుతాడు?"

ఆమె ఉత్తరం చేతిలోకి తీసుకుని బయటికొచ్చింది.

గురువారం సెలవు పెట్టి ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి అధికారి చాలా మర్యాదస్తుడు. ఆ పేపరు రాసింది తనేనని చెప్పగానే లేచి నిలబడ్డాడు, టీ తెప్పించాడు. పేపరు తప్పని ఆమె చెప్తుంటే మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని, అచ్చయినదాన్ని పట్టుకుని వేసిన ఆర్డరు కాబట్టి, అచ్చయినది ఇంకోటి ఉంటే తప్ప కదపలేమన్నాడు. అచ్చయ్యాక తీసుకురండి, మూడేళ్ళ సమీక్షలో తప్పకుండా పెడతామన్నాడు. రాసినావిడే వచ్చి నోటిమాటగా చెప్తున్నా కుదరదా అంటే, మేడమ్, రేపు ఇంకొకరొచ్చి ఇంకోటి చెప్తారు అన్నాడు. ఆ మాటా కాదనడానికి లేదు. గుమ్మందాకా వచ్చి సాగనంపాడు.

శుక్రవారం ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఆర్డరు కాగితం ఫైలు మీద పెట్టుకుని వెళ్ళలేదామె. పెద్ద డాక్టరుగారు అది ముందే పంపించేశారు, మధ్యలో కూర్చున్నాయన చేతిలో ఉంది. దాని గురించి చెప్పమన్నారు. ఇక ఏదైతే అదవుతుందని తెగించి చెప్పేసింది. ఆ పేపరు తప్పు. దాన్ని పట్టుకుని ఆపిన సూదిమందు మళ్ళీ ఇవ్వాలి. దానివల్ల ఈ ఉద్యోగం రాకపోయినా ఫరవాలేదు, ఈ మాట మీ నోటిమీదుగా పైకి వెళ్తే చాలు అంది.

మధ్యలో ఉన్నాయన ఆర్డరు కింద పెట్టి, తన తప్పు తనే పట్టుకోవడం, పట్టుకుని నలుగురిలో చెప్పడం, ఈ రోజుల్లో ఎంతమందికి ఉంటుందండీ ఈ నిజాయితీ అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. ఎడంపక్కావిడ ఏదో రాసుకుంటూ, అయితే మొదటిదీ, దాన్ని సరిదిద్దిందీ, రెండూ లెక్కలోకి తీసుకోవచ్చు కదా అని అడిగింది. ఎందుకు తీసుకోకూడదు, రెండూ వేరేవేరే కదా అన్నాడాయన. సూది గురించి అడిగితే, అది ఈ కమిటీ పరిధిలోకి రాదన్నారు. చెంప పగలగొడతారని వెళ్తే వీపు తట్టి పంపించారు. మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఆమెకే వచ్చిందని తెలిసింది. డాక్టర్లందరూ గదికొచ్చి చేతులు కలిపారు. హెడ్ సిస్టరు మాత్రం రాలేదు. ఆవిడ వరండాలో స్టాకు రాలేదని చెప్తోంది.

శనివారం దుకాణానికి వెళ్ళేసరికి కబురు ఆమెకన్నా ముందే చేరిపోయింది. బావ మిఠాయి తెచ్చి పెట్టాడు. అక్క ఆ పొట్లం విప్పబోయి, దారం ముడి ఊడక, మొత్తం పొట్లాన్నే చెల్లెలి చేతిలో పెట్టి, పర్మనెంటు ఉద్యోగివి, నువ్వే విప్పి నువ్వే పంచు అంది. వారం కిందటికీ ఇప్పటికీ వేళ్ళు ఇంకా ఉబ్బాయి. మణికట్టు కూడా ఎర్రబడింది. గుండీలు పెట్టాల్సిన చొక్కాలు బల్లమీద గుట్టగా పడున్నాయి.

ఈసారి దాచలేదు. నిలబడే చెప్పేసింది. స్టాకు రాకపోవడం కాదు, ఇక రాదు. ఆపింది సర్కారు, ఆపమని చెప్పింది తన పేపరు. ఆ ప్రశ్న ఏంటో, జనం ఏం చెప్పారో, ఆ చెప్పినదాన్ని తానెలా లెక్కగట్టిందో అంతా చెప్పింది. ఎవరెవరి దగ్గరికి వెళ్ళిందో, వాళ్ళేమన్నారో కూడా చెప్పింది. చెప్పడం అయ్యాక బావ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, ఆమెవైపు చూడకుండా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆయన ఏదో ఒకటి అన్నా బావుండును, నాలుగు కొట్టినా బావుండును అనుకుంది చెల్లెలు.

అక్క ముంజేతితో బల్లమీది చొక్కాలు ఒక పక్కకి జరిపింది, మళ్ళీ ఇవతలికి జరిపింది.

"నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని," అంది చివరికి. "ఒక్కరోజు కూడా ఇవ్వనని. నేను పోతే మీ బావకి ఎవరున్నారు? నీకు మాత్రం ఎవరున్నారు?"

చెల్లెలు మిఠాయి పొట్లం బల్లమీద పెట్టేసింది.

"అయితే ఎంత చెప్తే సూది ఇస్తారే? నాకు తెలీక అడుగుతాను."

ఆమెకి ఆ అంకె తెలుసు. మంగళవారమే కట్టింది. చెప్పకూడదనుకుంది, కానీ అక్క కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడలేకపోయింది. "అందరూ తలా నాలుగేళ్ళు వదులుకుంటే, సూది తగినదేనని తేలుతుందక్కా. కానీ ఇప్పుడు ఎవరెంత చెప్పినా ఇవ్వరు. మూడేళ్ళదాకా ఇంతే."

అక్క తలూపింది. నాలుగు అని పైకే ఒకసారి అనుకుంది. కొత్తగా రాసేదానికి మళ్ళీ అందర్నీ అడగాలా అని అడిగింది. అడగాలంది చెల్లెలు.

"అయితే నా పేర నాలుగు రాసుకో. నీకైనా పనికొస్తాయి," అంది అక్క.

అని, గుట్టమీంచి ఒక చొక్కాని మోచేత్తో చెల్లెలి ముందుకి తోసింది.